ఆకురాయి గీసిన పది రూపాయలు

రెండువేల పదిహేడో సంవత్సరం ఆగస్టు నెలలో నాకు నెల్లూరు జిల్లా ముత్తుకూరుకి టూరు వేశారు. అప్పటికి నేను ప్రభుత్వ టంకశాలలో, నాణ్యత విభాగంలో అసిస్టెంట్ మేనేజర్ని. టంకశాల వాళ్ళకి టూర్లు తక్కువ, పనంతా గేటు లోపలే. లోపలికి వెళ్ళేటప్పుడు దగ్గరున్న చిల్లర గేటులో అప్పజెప్పాలి, బయటికి వచ్చేటప్పుడు తలపిన్నుతో సహా వెతికించుకోవాలి. మాది కోవూరు, వరి తప్ప వేరే ధ్యాస లేని ఇల్లు. సెలవుకి వెళ్ళినప్పుడల్లా మా పిన్ని "సంచీలో ఎన్ని తెచ్చినావే?" అని అడిగేది. ఇన్నేళ్ళు నాణేల మధ్య పనిచేసి ఒక్కటీ తెచ్చుకోలేకపోయానంటే ఆమె దృష్టిలో నా అంత చేతకానిది ఇంకొకతె లేదు.

టూరు ఎందుకో చెప్పే ముందు మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాణెం పుట్టేది ఒకే ఒక్క ముద్రతో. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కడియం ఉంటాయి. మధ్యలో లోహపు బిళ్ళ పెడితే, పై అచ్చు దిగిన ఆ క్షణంలోనే బొమ్మా బొరుసూ అంచూ అన్నీ పడిపోతాయి. పది రూపాయల నాణెంలో రెండు ముక్కలుంటాయి. బయట పసుపుపచ్చటి ఉంగరం, లోపల తెల్లటి బిళ్ళ. ఆ రెంటినీ కలిపి పట్టి ఉంచేది కూడా ఆ ముద్రే. జిగురూ లేదు, అతుకూ లేదు.

ముద్ర పడే క్షణం దాకా ఏ పొరపాటు జరిగినా అది మాది. దాన్ని మేము దోషం అంటాం. ముద్ర దాటాక జరిగింది లోకం చేసిన పని. దాన్ని దెబ్బ అంటాం. రైలు పట్టా మీద పెట్టి చపాతీ చేసిన రూపాయి, మొలతాడుకి కట్టడానికి కొక్కెం అతికించి తరవాత పీకేసిన ఐదు రూపాయలు, రైసు మిల్లు డ్రమ్ములో పడి దొర్లి దొర్లి అంచు బొద్దుగా లోపలికి ముడుచుకున్న నాణెం, ఇవన్నీ "అరుదైన టంకశాల దోషం" అనే పేరుతో మా బల్ల మీదికి వచ్చినవే. ఇప్పుడైతే ఫోనులో వీడియోలు చూసి మా బంధువులే ఫోటోలు పంపిస్తున్నారు, లక్షలొస్తాయా అక్కా అని. టీ వస్తుంది నాయనా, అదీ చిన్న గ్లాసు, అని జవాబిస్తాను.

ఈ రెంటినీ విడదీయడానికి మేము కొత్తవాళ్ళకి చెప్పే మొదటి పాఠం ఒకటుంది. దెబ్బ తగిలితే లోహం గుంట పడుతుంది, గీసుకుపోతుంది. అచ్చులో పగులుంటే ఆ పగుల్లోకి లోహం వెళ్ళి నాణెం మీద సన్నటి గట్టు లేస్తుంది. ఇంట్లో కూర్చుని నాణేన్ని గీకడం ఎవరికైనా చాతనవుతుంది కానీ దాని మీద గట్టు లేపడం చాలా కష్టం. రెండో పాఠం మెరుపు. కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా చుట్టూ తిరుగుతుంది. ముద్ర పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుకి పారిన జాడ అది. ఆ మెరుపుని కోసుకుంటూ పోయిన గీత ఏదైనా ముద్ర తరవాత పడిందే.

ఇక కేసు. ఆ రోజుల్లో పది రూపాయల నాణేలు దొంగవని ఊరూరా పుకారు లేచింది. కిళ్ళీ కొట్టువాడు తీసుకోడు, బస్సులో కండక్టరు గొణుగుతాడు. మేము రాత్రింబగళ్ళు కొట్టి పంపిన నాణేన్ని జనం ముట్టుకోకపోతే మాకెంత మండేదో చెప్పలేను. పోలీసుల మీద ఒత్తిడి ఎక్కువైంది, దొంగ నాణేలు చేసేవాడు ఎక్కడో ఉంటాడు, పట్టుకోండి అని. అలాంటి సమయంలో నెల్లూరులో ఒక నాణేల వ్యాపారి, ముత్తుకూరులో లేత్ షాపు నడిపే మస్తాన్ అనే మనిషి మీద ఫిర్యాదు చేశాడు.

మస్తాన్‌ది చిన్న షాపు. వేట పడవల ప్రొపెల్లర్ షాఫ్టులు సరిచేయడం, పోర్టుకి తిరిగే లారీలకి బుష్షులు చెయ్యడం అతని పని. అతని దగ్గర రెండు వింత పది రూపాయల నాణేలున్నాయి. రెంటిలోనూ తెల్ల బిళ్ళ నడిమధ్యలో లేదు. ఒక పక్క నెలవంకలా సందు, రెండో పక్క బిళ్ళ ఉంగరం మీదికి ఎక్కి ఉంది. ఎవరో చెబితే వెల కట్టించుకుందామని వాటిని వ్యాపారికి చూపించాడు. వ్యాపారి భూతద్దం పెట్టి చూస్తే, బిళ్ళ ఉంగరం మీదికి ఎక్కిన చోట ఆకురాయి గీతలు కనిపించాయి. నాణేలు తెచ్చిన మనిషికేమో లేత్ ఉంది, ముక్కని బిగించి పట్టే వైస్ ఉంది, చేతి ప్రెస్సు ఉంది. బిళ్ళని ఊడగొట్టి, వంకరగా మళ్ళీ నొక్కి, ఆకురాయితో సరిచేసి అరుదైన నాణెమని అమ్మజూస్తున్నాడని వ్యాపారి పోలీసులకి చెప్పాడు.

మస్తాన్‌ని అరెస్టు చేశారు. బెయిలు మీద వచ్చాడు కానీ షాపుకి సీలు పడింది. వేట జోరుగా సాగే రోజులు. పడవల వాళ్ళు ఆగరు కదా, వేరే లేత్‌కి వెళ్ళిపోతున్నారు. నేరం రుజువైతే జైలు, అంతకంటే ముందే బజారులో దొంగ నాణేల మస్తాన్ అనే పేరు. ఈ రెంటికీ అతనికీ మధ్య నిలబడింది మా రిపోర్టు ఒక్కటే. టంకశాల అధికారి ఇచ్చిన నివేదికని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది.

ఆ రెండు నాణేలూ సీలు కవరులో మా విభాగానికి వచ్చినప్పుడు ముందు చూసిన పరీక్షకుడు ఆకురాయి గీతలు చూసి "దెబ్బ" అని రాసేశాడు. అతను మంచి పనిమంతుడే, గీతలు ఉన్న మాటా నిజమే. అయితే నేను సంతకం పెట్టే ముందు నా కంటితో చూడకుండా పెట్టను. విభాగంలో నాకు ఒక పేరు కూడా ఉండేది, ఈమె దగ్గరికి ఫైలు పోతే పురుడు పోసుకుని వస్తుందని. చూశాను. గీతలున్నాయి. వాటికి కాస్త ఎడంగా, ఉంగరం మీద, వెంట్రుకంత సన్నటి గట్టు కూడా ఉంది. రెండు నాణేల మీదా ఒకే చోట, ఒకే వంపుతో. అంటే రెండూ ఒకే అచ్చు కింద పుట్టిన తోబుట్టువులు. బిళ్ళ ఊడగొట్టి తమాషా చేసేవాడికి ఒకే అచ్చువి రెండు దొరకడం సాధ్యం కాదని అనను, కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. షాపులోని పరికరాలతో ఇలాంటి పని సాధ్యమా అని పోలీసులు ఎలాగూ అడిగారు. నేనే వెళ్ళి చూస్తానని పై అధికారి, డీజీఎం గారిని అడిగాను.

ఆయన ఫైలు తిరగేశారు. గీతలు స్పష్టంగా ఉన్నాయి, దెబ్బ అని రాసేస్తే అయిపోతుంది కదమ్మా అన్నారు. దోషం అని రాస్తే తప్పు మన ప్రెస్సుదని మనమే ఒప్పుకున్నట్టు, అందులోనూ జనం ఈ నాణేన్ని అనుమానిస్తున్న రోజుల్లో. ఆయన భయం అర్థం లేనిది కాదు. నాకు అర్థం కాని నాణెం మీద సంతకం చెయ్యలేనని నేనూ చెప్పాను. చివరికి టూరు మంజూరు చేశారు. ప్రయోగం కోసం ముద్ర చెడి పక్కన పెట్టిన నాణేలు కొన్ని, రాతపూర్వక అనుమతితో వెంట తీసుకెళ్ళాను. చెలామణీలో ఉన్న నాణేన్ని విరగ్గొట్టడం నేరం, టంకశాల అధికారి అయినంత మాత్రాన నాకు మినహాయింపు లేదు.

ముత్తుకూరు ఎస్సై రమణయ్య గారు కుర్రతనం దాటని మనిషి, చురుకైనవారు. సీలు తీయించి షాపులోకి తీసుకెళ్ళారు. మస్తాన్ గోడవార నిలబడ్డాడు. నలభై దాటి ఉంటాయి, చేతుల నిండా పాత కాలిన మచ్చలు. సొంత షాపులో కూర్చోమని ఎవరైనా అంటే గాని కూర్చోనివాడిలా ఉన్నాడు. అది చూసి నాకు కష్టమనిపించింది.

నేను ఒక నాణెం వైస్‌లో బిగించి, ఎస్సై గారినే ప్రెస్సు పిడి తిప్పమన్నాను. తప్పుకుని ఇంకెవరి చేతనో చేయిస్తారనుకున్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి దిగారు. మొదటి నాణెంలో బిళ్ళ ఊడి, ఎగిరి, షాఫ్టుల కుప్పలో ఎక్కడో పడింది. రెండోది ఊడింది కానీ మళ్ళీ వంకరగా నొక్కేసరికి దాని మీద బొమ్మ నలిగి చదునైంది, ఉంగరం లోపలి గోడ మీద నిలువునా రాపిడి గీతలు పడ్డాయి, వేలితో తాకితే బిళ్ళ కదులుతోంది. ఇంకొకటి, ఇంకొకటి చేశాం. అన్నీ అంతే. సీలు కవరులోని నాణేలు బిగువుగా ఉన్నాయి, గోడలు నున్నగా ఉన్నాయి, మెరుపు చక్రం చెదరలేదు. ఎస్సై గారు చెమట తుడుచుకుంటూ భూతద్దంలోంచి చాలాసేపు చూశారు.

చూసి ఆయన అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. "అంతా బానే ఉండాది మేడం. బిళ్ళ ఉంగరం మీదికి ఎక్కిన కాడే గదా అసలు సంగతి తేలేది? ఆడనే ఆకురాయితో గీసేసి ఉండాది. ఏం దాచిపెట్టడానికి గీసినట్టు?"

ఆయన చెప్పింది నిజం. బిళ్ళ వంకరగా కూర్చుని ఉండగానే ముద్ర పడితే, డిజైను గీత ఉంగరం మీద మొదలై బిళ్ళ మీదికి తెగకుండా ఎక్కిపోతుంది. అది కనిపిస్తే వాదనే లేదు. ఈ రెండు నాణేల మీదా సరిగ్గా ఆ జాగానే చదునుగా గీసి ఉంది. మస్తాన్‌ని అడిగితే ముందు నుంచీ ఒకటే మాట.

"నేను తాకలా మేడం. బ్యాంకు ప్యాకెట్లో ఎట్టా వచ్చినాయో అట్టనే ఉండాయి."

ఆ అబద్ధమే అతన్ని ముంచుతోంది. ప్యాకెట్ సంగతి నిజమే అయ్యుండొచ్చు, గీతలు మాత్రం ప్యాకెట్లో రావు. అతన్ని లేత్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, నాణెం చేతిలో పెట్టి, మా కోవూరు మాటలోనే అడిగాను.

"మస్తాన్, గీసింది నువ్వేనని నాకు తెలుసు. గీతలన్నీ ఒకే వాలులో ఉండాయి, ఒక్కటి కూడా పక్కకి జారలా. ఏండ్ల తరబడి ఆకురాయి పట్టిన చెయ్యి అది. గీసినావా లేదా అని నేను అడగడంలా. ఎందుకు గీసినావు?"

మస్తాన్ బొటనవేలితో ఆ అంచుని ఒకసారి తడిమాడు. పనివాళ్ళు ముక్కని తడిమి చూసే తీరు అది.

"కోసుకుంటది మేడమ్మా. బర్ ఉన్నింది దానికి. పిల్లోళ్ళకి ఈదీ ఇయ్యాలని తెచ్చిన డబ్బులు. అప్పటికే మా అక్క ఏలు తెగింది."

లేత్ పనిలో బర్ అంటే కోసిన లోహం అంచున మిగిలే పదునైన రేకు. బర్ తియ్యకుండా ముక్కని ఎవరి చేతికీ ఇవ్వకూడదని పని నేర్చుకునే మొదటి రోజే చెబుతారట. మస్తాన్ ఏటా రంజాన్ పండక్కి బ్యాంకులో కొత్త నాణేల ప్యాకెట్ అడిగి తెచ్చుకుంటాడు, చిన్నవాళ్ళకీ అక్కచెల్లెళ్ళకీ ఈదీగా, అంటే పండగ కానుకగా పంచడానికి. ఆ ఏడు ప్యాకెట్ విప్పి మొదటి నాణెం బోగోలులో ఉండే అక్క ఖాదర్‌బీకి ఇచ్చాడు. ఆమె దాన్ని పిడికిట్లో బిగించుకునేసరికి వేలు తెగింది. పండగపూట నా నెత్తురు తీసినావురా అని తమ్ముణ్ణి ఆటపట్టించింది కూడా. అతను మిగతావన్నీ వెతికి, అలాంటివి ఇంకో రెండు కనిపిస్తే, ఆకురాయితో బర్ తీసేశాడు. తీశాక చూస్తే వింతగా ఉన్నాయి కదా అని పంచకుండా ఉంచుకున్నాడు. ఇంకొకరైతే పక్కన పడేసేవారు. పదును కనపడితే చెయ్యి ఊరుకోని లేత్ మనిషికి మాత్రమే జరిగే పొరపాటు ఇది.

"ఈ మాట మొదట్లోనే చెప్పొచ్చు గదయ్యా!" అన్నారు ఎస్సై గారు, కోపంగానే.

"గీసినా అంటే చేసింది కూడా నేనే అంటారు గద సార్."

నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. అక్క వేలు కోసిన నాణెం మొదటిది. దాన్ని అతను గీయలేదు. అది ఖర్చైపోయిందా, ఉందా?

"అక్క ఈదీ డబ్బులు ఎప్పుడూ ఖర్చు పెట్టదు. బియ్యం డబ్బాలో ఏస్తది, బరకత్ అని, ఇంట్లో గింజకి లోటు రాకూడదని" అన్నాడు మస్తాన్.

జీపులో బోగోలు బయలుదేరాం. నెల్లూరు దాటి, పెన్న దాటి, మా కోవూరు మీదుగానే వెళ్ళాం. ఇంట్లో దిగలేదు. దిగితే పిన్ని పోలీసు జీపుని చూసి, ఇన్నాళ్ళకి నేను సంచీతో దొరికిపోయాననుకునేది. దారిలో ఎస్సై గారు ఒక మాట అన్నారు, ఆ నాణెం మీద కూడా గీతలుంటే ఈ కథ ఎవరూ నమ్మరు మేడం అని. నాకూ తెలుసు. మస్తాన్ వెనక సీట్లో ఉన్నాడు, అతనికీ తెలుసు.

ఖాదర్‌బీ ఎండుచేపలు ఎండబెట్టే చాపల మధ్య నుంచి లేచి వచ్చింది. విషయం చెప్పగానే ఆమె తల అడ్డంగా ఊపింది. ఈదీ బిళ్ళ బియ్యంలో ఏసినాక తీయకూడదు, అందులోనూ పోలీసుల చేతికా అంది. ఎస్సై గారు చట్టం చెప్పబోతుంటే నేను ఆపాను.

"నీ తమ్ముడి షాపు సీలు తీయించగలిగింది ఆ బిళ్ళ ఒక్కటేనమ్మా. ఉంటే అతను గెలుస్తాడు. లేకపోతే నేను చెప్పగలిగింది ఏమీ లేదు" అన్నాను.

ఆమె తమ్ముడి వంక ఒకసారి చూసింది. ఇంకేమీ అడగకుండా దుప్పటి పరిచి, డబ్బాలోని బియ్యమంతా దాని మీద కుమ్మరించి, రెండు చేతులతో నెమ్మదిగా వెతికింది. దొరికాక కూడా వెంటనే ఇవ్వలేదు, కొంగుతో తుడిచి ఇచ్చింది. "చూసుకోండమ్మా, కోసుకుంటది" అంది.

వరండాలో వెలుతురులోకి వెళ్ళి, కంటికి పెట్టుకునే చిన్న భూతద్దంతో చూశాను. తెల్ల బిళ్ళ వంకర. ఎక్కిన చోట పలచటి రేకు, కత్తి అంచులా నిలబడి ఉంది, ఆకురాయి తాకలేదు. ఉంగరం మీద మొదలైన డిజైను గీత ఆ రేకు మీదుగా ఎక్కి, ఎక్కడా తెగకుండా బిళ్ళ మీదికి వెళ్ళిపోయింది. గీత కింద మెరుపు పారుతోంది. ఉంగరం మీద, అదే చోట, అదే వంపుతో వెంట్రుకంత గట్టు. మూడో తోబుట్టువు. నాకు కలిగింది సంతోషమే, దాచడం ఎందుకు. తప్పు తమ ఆఫీసుదేనని తేలినందుకు అంత పొంగిపోయిన ఉద్యోగి ఇంకొకరు ఉంటారనుకోను. భూతద్దం ఎస్సై గారికి ఇచ్చాను. ఆయన చూసి, "ఇది ఆకురాయితో అయ్యే పని గాదు" అని, పంచనామా రాయడానికి అక్కడే చాప మీద కూర్చున్నారు. కేసు అయ్యాక నాణెం తిరిగివ్వాలని కూడా అందులో రాయమని ఖాదర్‌బీ పట్టుబట్టింది. రాశారు.

తిరిగి వెళ్ళాక డీజీఎం గారి బల్ల మీద మూడు నాణేలూ పెట్టాను. ఆయన చూసిన తీరు నాకు నచ్చింది. ఒక్కోదాన్నీ దీపం కింద తిప్పుతూ, తొందరపడకుండా, ప్రెస్సు హాల్లో పనిచేసిన పాత రోజుల్లోలాగే చూశారు. మూడోది కింద పెట్టి, మన ఫీడరు ఎన్ని కొట్టిందో ఇలా, అని మాత్రం అన్నారు. తెల్ల బిళ్ళని ఉంగరంలో కూర్చోబెట్టే యంత్రం ఫీడరు. దాన్ని ఆ వారమే విప్పించి సరిచేయించారు. నా రిపోర్టులో ఒక్క మాట కూడా మార్చమనలేదు. బిళ్ళ వంకర ముద్ర సమయంలో జరిగిన టంకశాల దోషమనీ, ఆకురాయి గీతలు ముద్ర తరవాతవనీ, అవి తీసింది పదునైన రేకుని మాత్రమేననీ, డిజైనుని మార్చడానికి గానీ కొత్తగా కల్పించడానికి గానీ గీసినవి కావనీ రాశాను. కింద నా సంతకం, పక్కన ఆయన సంతకం.

మస్తాన్ మీద కేసు ఎత్తేశారు, షాపు సీలు తీశారు. ఎస్సై గారే ఆ షాపులోంచి ఫోను చేసి చెప్పారు. మస్తాన్‌కి ఫోను ఇస్తే అతను ఎక్కువ మాట్లాడలేదు, పడవ షాఫ్టు ఒకటి లేత్ మీద ఉండాది మేడమ్మా, తరవాత చేస్తా అన్నాడు. ఆ మాట నాకు ఏ మెడల్ కన్నా బాగుంది.

అప్పటినుంచి నేను రిటైరయ్యే దాకా మా విభాగంలో ఒక పద్ధతి నడిపించాను. దోషమా దెబ్బా అని రెంటిలో ఒకటి తేల్చడం కాదు, నాణెం మీద ఉన్న ప్రతి గుర్తునీ ఏది ముందు పడింది, ఏది తరవాత పడింది అని వరసగా రాయాలి. ఒకే నాణెం మీద రెండూ ఉండొచ్చు. నాణెం చెప్పేది ఆ వరస వరకే. అంతకు మించింది కావాలంటే ఆ నాణేన్ని పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్ళాలి. మస్తాన్ గీసిన గీతల్ని నాకంటే ముందు వ్యాపారి చూశాడు, ఎస్సై చూశారు, మా పరీక్షకుడు చూశాడు. ముగ్గురూ సరిగ్గానే చూశారు. ఎందుకు గీశావని అతన్నే అడిగింది మాత్రం నేనొక్కదాన్నే.